జీపు కింద టక్కుమన్న చప్పుడు



పోయిన నెల మాకు అందిన ఉత్తరాలలో ఒకటి మన్యప్రాంతంలో సేవచేస్తున్న ఒక సంఘకాపరిగారిది. ఆయన సంఘానికి పాత మహీంద్రా జీపు ఒకటి ఉన్నది. కావాలన్నప్పుడు నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే రకం. ఆదివారం మూడు గ్రామాలలో ఆరాధనకు అదే బండి. అర్ధరాత్రి నొప్పులు వచ్చిన తల్లిని ఆసుపత్రికి చేర్చేదీ అదే. కొంతకాలంగా క్లచ్ వదలగానే అడుగున టక్కుమని, రివర్సు వేస్తే ఇంకా గట్టిగా టంగుమని చప్పుడు వస్తున్నదట. పట్నంలో ఒక మెకానిక్కుకు చూపిస్తే, అతను వీధి చివరిదాకా నడిపి వచ్చి, "క్రౌను పినియను పోయింది, మొత్తం మార్చాలి" అన్నాడట. ఖర్చు విని సంఘపెద్దలు కూర్చున్నారు. కొందరు కోతకాలపు పండుగ కానుకలు దీనికే వాడుదామన్నారు. కొందరు బండిని అమ్మేద్దామన్నారు. "మీరేమంటారు?" అని అయ్యగారు అడిగారు.

బండిని మేము చూడలేదు. చూడకుండా క్రౌను బాగున్నదని చెప్పడం కూడా ఆ మెకానిక్కు చేసిన పనే అవుతుంది. అయితే ఉత్తరం రెండుసార్లు చదివినా, అతను బండి కిందకు దూరి చూసినట్టు ఎక్కడా కనబడలేదు. కాబట్టి మా జవాబు ఇది: పెద్దలు మళ్లీ కూర్చునే లోపల, అయ్యగారూ, ఒక పాత గోనెపట్టా పరచుకుని మీరే కిందకు దూరి చూడండి. ఇటువంటి చప్పుడుకు వందల రూపాయలతో పోయే కారణాలు కొన్ని, వేల రూపాయలు అడిగే కారణాలు కొన్ని ఉన్నాయి. వందలవాటిని చూడకుండా వేలవాటి దగ్గరకు పోవద్దు.

మొదట చప్పుడు ఎలా పుడుతుందో తెలియాలి. ఇంజను బలం క్లచ్ దాటి గేర్‌బాక్సులోకి, దాని వెనుక ఉన్న ట్రాన్స్‌ఫర్ కేసులోకి వస్తుంది. అక్కడినుండి వెనుక చక్రాలకు ఒక ప్రొపెల్లర్ షాఫ్టు, ముందు చక్రాలకు ఒక షాఫ్టు. ఒక్కొక్క షాఫ్టుకు రెండు చివరలా రెండు క్రాసులు. నడుమ పళ్లమీద ముందుకూ వెనక్కూ జారే స్లిప్ జాయింటు ఒకటి. ఆ తరువాత పినియను, క్రౌను, ఇరుసు, చక్రం. ఇన్ని అతుకులలో ప్రతిదానిలోనూ కొద్దిగా ఆట ఉంటుంది. ఎద్దులు అడుగు వేయగానే బండి కదలదు. కాడికీ నొగకూ మధ్య ఉన్న వదులంతా తీరాలి, అప్పుడు కిర్రుమని కదులుతుంది. జీపు కూడా అంతే. ముందుకు లాగేటప్పుడు ఆటంతా ఒక పక్కకు పోతుంది. రివర్సు వేయగానే ఆ ఆటంతా ఒక్కసారిగా అవతలి పక్కకు వచ్చి కొట్టుకుంటుంది. అదే మీరు విన్న టంగు.

పాత బండిలో కొంత ఆట తప్పదు. ఎంత ఉన్నదన్నది ఒక ప్రశ్న, ఎక్కడ ఉన్నదన్నది అంతకంటె ముఖ్యమైన ప్రశ్న. చెవి ఇక్కడ మోసం చేస్తుంది. షాఫ్టు బోలు గొట్టం, పైన రేకు బాడీ, రెండూ డప్పులాంటివే. ముందు చివర క్రాసు కొట్టుకున్నా, వెనుక బెంచీమీద కూర్చున్నవారికి తమ కిందనే మోగినట్టుంటుంది. రోడ్డుమీద విని క్రౌను పోయిందనడం అందువల్లనే మాకు నచ్చదు.

ఇక కిందకు దూరే ముందు ఒక సంగతి. నిజానికి ఈ నెల ఇంత వ్రాయడం దీనికోసమే.

కొన్ని సంవత్సరాల క్రితం యువజన కూటమికి వెళ్తూ మేము నర్సీపట్నం నుండి చింతపల్లి వైపు ఘాటు ఎక్కుతున్నాము. ఒక పాత జీపులో పదకొండుమందిమి. ఆ లెక్క చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉన్నది. మూడు నెలలుగా ఆ బండి అడుగున, మనిషి నడిచే వేగంలో పోతున్నప్పుడు, పిచ్చుక పిల్ల అరిచినట్టు కిచకిచమనేది. తరువాత కిచకిచ ఆగిపోయి టక్కు మొదలైంది. కిచకిచ పోయినందుకు సంతోషించాము కూడా. క్రిస్మస్ అయ్యాక చూద్దామనుకున్నాము. మత్తయి సువార్త 25వ అధ్యాయం మీద ఎన్ని ప్రసంగాలు విన్నామో లెక్క లేదు, మా గ్రీజు డబ్బా మాత్రం ఆ మూడు నెలలూ ఖాళీగానే ఉన్నది. ఒక మలుపులో కింద ఫెళ్లుమన్నది. ఇంజను ఒక్కసారిగా రొద పెట్టింది కానీ బండి లాగడం లేదు. వెనక్కి జారడం మొదలుపెట్టింది.

డ్రైవరు తమ్ముడు కాలి బ్రేకు తొక్కి ఆపాడు. హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగి, "అందరూ దిగండి" అన్నాడు. అందరం దిగాక, ఏమైందో చూద్దామని బ్రేకుమీదినుండి కాలు తీశాడు. హ్యాండ్‌బ్రేకు లాగి ఉన్నదే ఉన్నది, బండి వెనక్కి పోతున్నది! పదవ తరగతి చదువుతున్న ఒక పిల్లవాడు రోడ్డు పక్కనున్న బండరాయిని రెండు చేతులతో ఎత్తి వెనుక చక్రం కింద పడవేశాడు. లోయ అక్కడికి చాలా దూరం లేదు.

హ్యాండ్‌బ్రేకు ఎందుకు పట్టలేదో మాలో ఎవరికీ తెలియలేదు. తీగ తెగిందనుకున్నాము. తీగ తెగలేదు. విల్లీస్ జీపు 1941లో యుద్ధంకోసం తయారైన బండి. 1947లో మహీంద్రావారు బొంబాయిలో ఆ జీపుల విడిభాగాలను కూర్చడం మొదలుపెట్టారు. ఆ వంశంలో వచ్చిన పాత జీపులలో చాలావాటికి హ్యాండ్‌బ్రేకు చక్రాలలో ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక, వెనుక షాఫ్టు మొదలయ్యేచోట, చిన్న డ్రమ్ములో ఉంటుంది. అది చక్రాన్ని పట్టుకోదు, షాఫ్టును పట్టుకుంటుంది. షాఫ్టు మంచిగా ఉన్నంతకాలం ఎంతో గట్టి బ్రేకు. షాఫ్టు చివర క్రాసు విరిగిపోయిందా, బ్రేకు ఒకవైపు, చక్రాలు ఒకవైపు. గేరులో పెట్టి ఆపుదామన్నా అంతే, ఆ గేరు బలం కూడా పోయేది అదే షాఫ్టు గుండా కదా! కాబట్టి మన జీపులో క్రాసు చప్పుడు ఒట్టి చప్పుడు కాదు. హ్యాండ్‌బ్రేకు చెడిపోబోతున్నదని ముందుగా వచ్చిన కబురు.

మీ బండి ఏ రకమో తెలుసుకోవడం తేలిక. వంగి ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక చూడండి. షాఫ్టు మొదట్లో గిన్నెలాంటి డ్రమ్ము, దానికి హ్యాండ్‌బ్రేకు తీగో కడ్డీయో తగులుకుని కనబడితే ఈ రకమే. ఈ బండికి ఇంకో గుణం ఉన్నది. వెనుక ఒక్క చక్రాన్ని జాకీతో లేపితే హ్యాండ్‌బ్రేకు లాగి ఉన్నా బండి జారవచ్చు. లేచిన చక్రం ఒకవైపు తిరుగుతుంది, నేలమీది చక్రం రెండోవైపు తిరుగుతుంది, డిఫరెన్షియల్ దానికి దారి ఇస్తుంది. పంక్చరు వేసేటప్పుడు ఇది తెలియక కాలు నలగగొట్టుకోవద్దు.

ఆ రోజు మాకు తెలియని మరొక సంగతి తరువాత ఒక పెద్ద మిస్త్రీ చెప్పాడు. వెనుక షాఫ్టు తెగినప్పుడు ముందు చక్రాల గేరు వేస్తే, ట్రాన్స్‌ఫర్ కేసులో రెండు దారులూ ఒకటవుతాయి. అప్పుడు అదే హ్యాండ్‌బ్రేకు ముందు షాఫ్టు ద్వారా ముందు చక్రాలను పట్టుకుంటుంది. హబ్బులలో తిప్పే మీటలుంటే అవి లాకులో ఉండాలి సుమా. తెగిన షాఫ్టును విప్పి లోపల పడవేసి, ముందు చక్రాల లాగుడుమీద నెమ్మదిగా ఇంటికి కూడా రావచ్చు. కాలి బ్రేకుమీద కాలు ఉంచి ముందు గేరు వేయడం ఆ తమ్ముడికి తెలిసి ఉంటే, ఆ పిల్లవాడికి బండరాయితో పని ఉండేది కాదు.

ఇప్పుడు అయ్యగారు కిందకు దూరవచ్చు. చదునైన నేల ఎన్నుకోండి. నాలుగు చక్రాలకూ ముందూ వెనుకా మంచి చెక్కలో రాళ్లో అడ్డు పెట్టండి. జాకీ వద్దు, జీపు ఎత్తుగానే ఉంటుంది. ఇంజను ఆపి తాళం మీ జేబులో వేసుకోండి. ఇంటిలో పిల్లలుంటే ఇది మరీ ముఖ్యం. గేరు న్యూట్రల్, ముందు చక్రాల గేరు తీసివేసి, హ్యాండ్‌బ్రేకు వదలండి. అది పట్టి ఉంటే షాఫ్టు కదలదు. అందుకే చక్రాలకు అడ్డు అంత గట్టిగా ఉండాలన్నాము.

వెనుక షాఫ్టు దగ్గర మొదలుపెట్టండి. ఒక చేత్తో షాఫ్టును, రెండో చేత్తో దాని చివర పినియనుకు బిగించిన చెవులను పట్టుకుని, తడిబట్ట పిండినట్టు ఒకదానికొకటి ఎదురు తిప్పండి. చూపు క్రాసుమీద ఉండాలి. క్రాసుకూ చెవికీ మధ్య కంటికి కనబడే కదలిక ఏ మాత్రమూ ఉండకూడదు. తరువాత షాఫ్టును పైకీ కిందకూ ఎత్తి చూడండి, అప్పుడూ అక్కడ కదలిక ఉండకూడదు. క్రాసు నాలుగు కొనలకూ నాలుగు చిన్న గిన్నెలు, వాటిలో సూదులవంటి రోలర్లు ఉంటాయి. గ్రీజు ఎండితే లోపల తుప్పు పట్టి, గిన్నె అంచు చుట్టూ ఇటుకపొడి రంగు ధూళి కనబడుతుంది. ఆ ఎర్రపొడి కనబడితే ఇంక అనుమానం అక్కరలేదు. ముందు చివర క్రాసును కూడా ఇలాగే చూడండి.

కొన్ని క్రాసులు ఈ పరీక్షలో తప్పించుకుంటాయి. ఎండి బిగిసిపోయిన క్రాసు ఊగదు, కానీ తిరగదు కూడా. కిచకిచ వినబడుతున్నా ఆట కనబడకపోతే, షాఫ్టు విప్పి క్రాసును చేత్తో అటూ ఇటూ వంచాలి. వెన్నలో కదిలినట్టు కదలాలి, ఎక్కడా గాడిలో పడి ఆగకూడదు. విప్పేముందు సుద్దముక్కతో రెండువైపులా గుర్తులు పెట్టండి. స్లిప్ జాయింటుమీద కూడా ఎదురెదురుగా రెండు బాణం గుర్తులుంటాయి. మట్టి గీకితే కనబడతాయి. అవి కలవకుండా బిగిస్తే రెండు చివరల చెవులూ ఒక వరుసలోకి రావు, బండి వణుకుతుంది. క్రాసు మార్పించాక వణుకు కొత్తగా వచ్చిందని చెప్పేవారి బండ్లలో మొదట చూడవలసినది ఇదే.

స్లిప్ జాయింటులో తిప్పితే కొద్ది ఆట ఉండవచ్చు, పైకీ కిందకూ ఊగితే మాత్రం పళ్లు అరిగినట్టు. బండి ఆగిన క్షణానికో కదిలిన క్షణానికో, ఒక్కటే టక్కు, అదీ కొంచెం ఆలస్యంగా వస్తే, చాలాసార్లు ఈ పళ్లు ఎండి అంటుకుని ఒక్కసారిగా జారడమే కారణం. గ్రీజు కొడితే పోతుంది. పోతే దేవునికి స్తోత్రం చెప్పి గన్ను లోపల పెట్టండి.

ఇప్పుడు పినియను. చెవులను తిప్పి చూస్తే కొంత ఆట తగులుతుంది. ఇక్కడే చాలామంది భయపడతారు. మీ చేతికి తగిలేది క్రౌను పినియను మధ్య ఆట ఒక్కటే కాదు. లోపలి చిన్న గేర్లది, ఇరుసు పళ్లది అన్నీ కలిసిన మొత్తం. పాత బండిలో కొంచెం ఉన్నంతమాత్రాన క్రౌనును దోషిని చేయవద్దు. అయితే అదే చెవులను పైకీ కిందకూ, లోపలికీ బయటికీ నెట్టండి. అలా కదిలితే పినియను బేరింగు పోయినట్టే. ఆ బండిని అలాగే నడిపితే మంచి క్రౌను కూడా పాడవుతుంది. చివరకు డిఫరెన్షియల్ కింద బిరడా విప్పి నూనెను ఒక గిన్నెలో పట్టండి. వేళ్ల మధ్య రుద్దితే బూడిదరంగు నునుపు మడ్డి తగిలితే అది మామూలు అరుగుదల. అంచులున్న ఇనుప ముక్కలు తగిలితే ఆ మెకానిక్కు మాట నిజం.

షాఫ్టులు బాగున్నా చప్పుడు ఉంటే కమాన్ కట్టలను చూడండి. ఇరుసును కమానుకు బిగించే యూ బోల్టులు వదులైతే, లాగినప్పుడు ఒకటి, బ్రేకు వేసినప్పుడు ఒకటి టంగుమంటుంది. సెంటర్ బోల్టు తెగితే ఇరుసు వెనక్కో ముందుకో జరుగుతుంది. దీనికి మిస్త్రీ అక్కరలేదు, ఒక తాడు చాలు. స్టీరింగు నేరుగా ఉంచి, ముందు చక్రపు నడిబొడ్డునుండి వెనుక చక్రపు నడిబొడ్డుకు ఎడమపక్క కొలవండి, తరువాత కుడిపక్క. తేడా కనబడితే సంగతి అక్కడే ఉన్నది. కొన్ని పాత జీపులలో వెనుక హబ్బును ఇరుసు కొనకు ఒక కీతో బిగిస్తారు. నట్టు వదులై కీ అరిగినా అచ్చం క్రౌను పోయినట్టే కొడుతుంది. దీనినే మరచి హౌసింగు విప్పినవారిని చూశాము.

ఇంజను, గేర్‌బాక్సుల కింది రబ్బరు మౌంటింగులకు ఇద్దరు కావాలి. బానెట్ ఎత్తి ఒకరు పక్కన నిలబడాలి, బండికి ఎదురుగా కాదు. రెండోవారు కాలి బ్రేకు గట్టిగా తొక్కి, ఫస్టు వేసి క్లచ్ కొంచెం వదలాలి, తరువాత రివర్సులో అలాగే. ఇంజను కాస్త ఒరగడం సహజం, ఎగిరి కొట్టుకుంటే రబ్బరు చినిగింది. ఇంజను నడుస్తుండగా మాత్రం ఎవరూ కిందకు దూరవద్దు.

ముందు షాఫ్టును మరచిపోకండి. హబ్బులలో విడదీసే మీట లేని బండిలో, ముందు గేరు వేయకపోయినా చక్రాలు ఆ షాఫ్టును తిప్పుతూనే ఉంటాయి. అనుమానముంటే దానిని విప్పి పక్కన పెట్టి నెమ్మదిగా ఊరిలో నడిపి చూడండి. చప్పుడు పోతే దోషి దొరికినట్టు. ఇలా వెనుక షాఫ్టును విప్పి పరీక్షించవద్దు, కారణం పైన చెప్పాము.

అయ్యగారి ఉత్తరం చివర ఒక వాక్యం మమ్మును ఆపింది. సంఘస్థులు వెనుకకు రెండు కొత్త టైర్లు కొనిచ్చారనీ, ఘాటులో పట్టుకోసం తారురోడ్డు మీద కూడా ముందు గేరు వేసే నడుపుతున్నామనీ వ్రాశారు. ఇది వెంటనే మానాలి. మలుపులో ముందు చక్రాలు వెనుకవాటికంటె ఎక్కువ దూరం తిరుగుతాయి. ఈ జీపులలో ముందు షాఫ్టుకూ వెనుక షాఫ్టుకూ మధ్య ఆ తేడాను సర్దే డిఫరెన్షియల్ లేదు. బురదలోనో ఇసుకలోనో అయితే చక్రం కొంచెం జారి సర్దుకుంటుంది. తారుమీద జారలేక, షాఫ్టులు రెండూ తాడులా మెలిపడుతూ పోతాయి. వెనుక కొత్త టైర్లు, ముందు అరిగిన టైర్లు అయితే నేరుగా పోతున్నా మెలి పడుతుంది, ఎందుకంటే చిన్న చక్రం అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరగాలి. ఆ బిగువంతా ఎక్కడో ఒకచోట ఫట్టుమని విడుస్తుంది. గేరు మీట బయటకు రానని మొరాయిస్తే బలవంతం చేయక, నేరుగా కొన్ని గజాలు వెనక్కి నడపండి, వదులుతుంది. మీ క్రాసులు అరగడానికి కొత్త టైర్లే సాయపడి ఉండవచ్చునని కొనిచ్చినవారితో ఎలా చెబుతారో మాకు తెలియదు. నాలుగూ ఒకే అరుగుదల ఉన్నవి ఉండాలని మాత్రం చెప్పండి.

క్రాసే పోయిందని తేలితే ఆ షాఫ్టుకు రెండు చివరలా మార్పించండి, ఒకటి పోయేసరికి రెండోది కూడా దగ్గరలోనే ఉంటుంది. నిపిల్ ఉన్న క్రాసు అడిగి కొనండి. నాలుగు గిన్నెల అంచులనుండీ కొత్త గ్రీజు బయటకు కనబడేదాకా కొట్టండి. వాగుల్లో దిగే బండికి నెలకొకసారి, దిగిన మరునాడు తప్పక. క్రౌనే పోయిందని తేలితే, హౌసింగు విప్పేటప్పుడు అక్కడే కూర్చుని విరిగిన పళ్లు చూపించమనండి. క్రౌను, పినియను జతగానే మార్చాలి, వాటి మధ్య ఆటను కొలతతో సరిచేసే చేయి కావాలి. ఆ చేయి ఉన్న మిస్త్రీ ఎవరో పక్క సంఘాలవారిని అడిగి తెలుసుకోండి.

అంతవరకు ఆ జీపులో మనుషులను ఎక్కించి ఘాటు దిగవద్దు, ఆదివారం ఆరాధనలకైనా సరే. కింద ఏమి కనబడిందో మాకు వ్రాయండి. మెకానిక్కుదే రైటయితే, ఆ సంగతి కూడా ఈ పేజీలోనే వేస్తాము.